చర్మం కింద కొలత

ఆ మిషన్‌ని మొదట నా చేతి మీదే పెట్టి చూశారు. నరసరావుపేటలో మేం అద్దెకు తీసుకున్న రెండు గదుల ఆఫీసులో, కిటికీ పక్కన బల్ల మీద నా కుడిచెయ్యి చాపించారు. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన డాక్టరమ్మ పెన్నుతో చుక్క పెట్టి, దాని మీద చల్లటి జిగురు రాసి, లావుపాటి పెన్నులాంటి ముక్కనొకదాన్ని ఆనించింది. ఆ ముక్కకు ఒక తీగ. తీగ చివర ట్రాన్సిస్టర్ రేడియో కంటే కాస్త పెద్దదైన ఇనప పెట్టె. పెట్టెకు అరచేతిలో సగముండే తెర. తెర మీద పచ్చటి గీత పాకుతూ అక్కడక్కడా ముల్లులా పైకి లేచింది.

"ఇదిగో, ఈ మొదటి ముల్లు దాకా నీ చర్మం, దాని కింద కొవ్వు. అక్కడినుంచి ఈ రెండో ముల్లు దాకా కండ. ఆపైన ఎముక," అని ఆమె వేలితో చూపించింది. తర్వాత నా మొహం చూసి, "ఇంట్లో నీకు బాగానే పెడుతున్నారే," అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎనభైల నడుమ సంగతి అది. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. మా నాన్న నకరికల్లులో మిషన్ బడి టీచరు. హోమ్ సైన్స్ డిగ్రీ చేసి రెండేళ్లు ఇంట్లో కూర్చున్నాక దొరికిన ఉద్యోగం. జీపులో తిరగడం, మనుషుల్ని అడిగి పుస్తకంలో రాయడం నా పని.

డాక్టరమ్మ హైదరాబాదు నుంచి వచ్చింది. నలభై దాటిన మనిషి. నేత చీర, మగవాళ్లు పెట్టుకునే వాచీ. ఆమె పట్టుదల ఒక్కటే. అప్పటిదాకా పల్లెల్లో ఎవరికి తిండి చాలడం లేదో తేల్చడానికి చేతికి టేపు చుట్టి చూసేవారు. టేపు చెయ్యి ఎంత లావో చెబుతుంది, ఆ లావులో కండ ఎంత, కొవ్వు ఎంత, నీరు ఎంత అన్నది చెప్పదని ఆమె వాదన. అందుకే ఆ పెట్టె తెప్పించింది. ఒక రాళ్ల క్వారీలో పనిచేసే నలభైమంది ఆడవాళ్లను ఎంచుకుని, ఏడాదిపాటు రెండు నెలలకోసారి కొలవాలి. ఏ కాలంలో వాళ్ల ఒంట్లో ఏం తగ్గుతుందో చూడాలి.

క్వారీ కారంపూడికి అవతల. మగవాళ్లు గుంటలో దిగి గునపాలతో నాపరాళ్లు పెళ్లగించేవారు. ఆడవాళ్లు ముక్కలైన రాయిని తట్టల్లో ఎత్తుకుని గట్టు మీద పోసేవారు, కంకర కొట్టేవారు. పనికిరాని రాతి పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన తాటాకు కప్పుకుని, అవే ఇళ్లుగా ఉండేవారు. మధ్యాహ్నం అన్నం వేళ ఒక గంట మాత్రం మాకిచ్చాడు కాంట్రాక్టరు. రేకుల షెడ్డు కింద బల్ల వేసుకుని, ఒక్కొక్కరినీ పిలిచి కొలిచేవాళ్లం. పుస్తకంలో పేర్లు ఉండవు, నంబర్లే.

ఆమె పదిహేడో నంబరు. నా కంటే అయిదారేళ్లు పెద్దదేమో. పొట్టిగా, బిగువుగా ఉండేది. రాతిదుమ్ముతో కనుబొమలు తెల్లబడి ఉండేవి. చెయ్యి బల్ల మీద పెట్టిందంటే మగవాడి చెయ్యి అనిపించేది. టేపు చుడితే మంచి అంకె వచ్చింది. టేపునే నమ్మేవాళ్లయితే ఈమెకేం లోటు లేదని పంపించేసేవారు. పెట్టె ముక్క ఆనించగానే డాక్టరమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. మొదటి ముల్లు తెర అంచుకు అంటుకుపోయి ఉంది. కొవ్వు అన్నది లేదు. చర్మం, దాని వెంటనే కండ.

"దాచుకున్నది ఏమీ లేదు ఈ ఒంట్లో. ఏ పూట తిన్నది ఆ పూటకే సరి," అంది డాక్టరమ్మ మెల్లగా.

ఆ మనిషి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఏమొచ్చిందమ్మా?"

"కండ బాగుందక్కా," అన్నాన్నేను.

"కండ లేకపోతే తట్ట ఎట్టా లేచిద్ది?" అని నవ్వి లేచిపోయింది.

రెండోసారి వెళ్లేసరికి మేం తెచ్చుకున్న జిగురు అయిపోయింది. చర్మానికీ ఆ ముక్కకీ మధ్య తడి ఏదో ఒకటి ఉండాలి, గాలి దూరకూడదు. డాక్టరమ్మ కారంపూడి బజారులో కొబ్బరినూనె సీసా కొనిపించింది. కొలత అయ్యాక దూది అందించబోతే పదిహేడో నంబరు మనిషి వద్దంది. చేతి మీది నూనెను అరచేతి అంచుతో గీకి, పక్కనే నిలబడ్డ ఆరేళ్ల కూతురి నెత్తికి రాసింది. ఆ పిల్ల జుట్టు ఎర్రగా, పీచులా ఉంది.

"తుడిచి పారేత్తే ఏం లాభం?" అంది మాతో. ఆమె వెనకున్నవాళ్లంతా అట్లాగే చేశారు. ఆ రోజు దూది ఎవరికీ అవసరం పడలేదు.

కొలత డాక్టరమ్మది, తిండి అడగడం నాది. నిన్న పొద్దున లేచినప్పటినుంచీ ఏం తిన్నారో గిన్నెలు చూపించి రాసుకోవాలి. నూకల సంకటి, పచ్చిమిరపకాయల కారం. రాత్రికీ అదే, లేకపోతే గోంగూర. పప్పు ఎప్పుడని అడిగితే ఆదివారం అని చెప్పేది. పాలు అనగానే నవ్వేది.

"ముందు ఎవరికి పెడతావక్కా?"

"ఆయనకి. ఆ తర్వాత పిల్లకి."

"తర్వాత?"

"ఉంటే నేను. ఏంది అమ్మాయ్, అది గూడా రాత్తావా?"

రాశాను. ఆమె భర్త గుంటలో పదేళ్లు పనిచేసినవాడు. రాతిదుమ్ము ఛాతీలో చేరి, పది అడుగులు నడిస్తే దగ్గుతో కూలబడేవాడు. వారంలో మూడు రోజులు పనిలోకి దిగితే గొప్ప. బియ్యం కార్డు సొంతూళ్లో అత్త దగ్గరుంది. ఇక్కడ అన్నీ కొనుక్కోవాల్సిందే.

ఆ వేళ జీపులో తిరిగొస్తూ డాక్టరమ్మను అడిగాను. "వీళ్లకు మనమే ఏదన్నా పెట్టకూడదా మేడం?"

"మనం పెడితే ఈ అంకెలకు అర్థం ఉండదు. ఏడాది పూర్తయ్యాక ఇవి పైవాళ్లకు చూపించి, ఇక్కడ తిండి కేంద్రం పెట్టించాలి. ఈ నలభైమందికి పెట్టి మిగతా అందరికీ లేకుండా చేస్తామా?"

ఆ మాట నాకు సబబుగానే తోచింది. ఇప్పటికీ పూర్తిగా తప్పనలేను.

మూడోసారి వెళ్లినప్పుడు ఎండాకాలం. రేకుల షెడ్డు కింద కూర్చోలేకపోయాం. పదిహేడో నంబరు మనిషికి నాలుగో నెల. కూతురి తర్వాత ఒక కాన్పు పోయిందట. ఇది నిలవాలని శుక్రవారాలు ఒక్కపొద్దు కూడా ఉంటోంది. డాక్టరమ్మ ముక్క ఆనించి తెర చూసింది. మళ్లీ ఆనించింది. తగ్గడానికి కొవ్వు ఎట్లాగూ లేదు, ఇప్పుడు రెండో ముల్లు మొదటిదాని వైపు జరిగింది. ఒళ్లు తన కండను తానే కరిగించుకుంటోంది. నాకు అంకె చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గింది.

"ఒక్కపొద్దులు మానెయ్యి. గురజాల ఆసుపత్రికి పోయి చూపించుకో. చీటీ రాసిస్తాను. రక్తం పట్టే బిళ్లలిస్తారు," అంది.

చీటీ నేనే ఆమె చేతిలో పెట్టాను. "పోతానమ్మా, ఈ వారం పోతా," అంది. ఆ వారం పోలేదు. ఆ పై వారమూ పోలేదు. ఆమె తట్ట ఎత్తకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, వెళ్లమని చెప్పిన మా అందరికీ ఆ సంగతి తెలుసు.

నాలుగోసారి వెళ్లింది వానలు మొదలయ్యాక. ఆ రోజు జరిగిందే నేను ఇది రాయడానికి కారణం.

కాంట్రాక్టరు ఇంక మమ్మల్ని రానివ్వనని పేచీ పెడితే డాక్టరమ్మ అతనితో మాట్లాడటానికి వెళ్లింది. అప్పటికి కొలవడం నాకూ వచ్చింది కాబట్టి పని ఆపొద్దని చెప్పిపోయింది. పదిహేడో నంబరు మనిషి వచ్చి కూర్చుంది. ఆరో నెల నిండింది, కానీ కడుపు ఆ లెక్కకు లేదు. చెయ్యి కొలిచాను. రెండో ముల్లు మొదటిదానికి ఇంకా దగ్గరైంది. అంకె రాసుకుంటూ ఉంటే ఆమె చెయ్యి తియ్యకుండా అడిగింది.

"అమ్మాయ్, ఇందులో బిడ్డ కనపడిద్దంటగా? గుంటూరులో చూత్తన్నారంట."

"అది వేరే మిషనక్కా. ఇది చేతులకీ తొడలకీ. చర్మం కింద మందం చూస్తుంది, అంతే."

"ఒక్కసారి పెట్టి చూడు. నీ పున్నెం ఉంటది."

"కనపడదక్కా."

"పెట్టి చూడకుండానే కనపడదంటే ఎట్టా?"

వరసలో ఉన్న ఆడవాళ్లు చుట్టూ మూగారు. "పెట్టమ్మా, పోయేదేముంది," అన్నారు. నేను ఆమె కడుపు మీద నూనె రాసి ముక్క ఆనించాను. గీత ఎట్లా పడితే అట్లా ఎగిరింది. ముళ్లు లేచాయి, పడ్డాయి. అందులో నాకు అర్థమైంది ఏమీ లేదు. తల ఎత్తి చూస్తే ఆమె ఊపిరి బిగపట్టి నా పెదవుల వంక చూస్తోంది. అంత దగ్గరగా, అంత ఆశగా ఒక మనిషి నా మొహం చూడటం అదే మొదలు.

"ఏమంటంది?"

"బాగుందక్కా."

"కదులుతుందా?"

"ఆ. కదులుతోంది."

ఆమె కళ్లు మూసుకుంది. తర్వాత కొంగు ముడి విప్పి, చెమటకు మెత్తబడిన చీటీ తీసి నా ముందు పెట్టింది. "ఇంక గురజాల పోయే పన్లేదుగా. ఇది ఎవురికన్నా పనికొచ్చిద్ది."

"పోతే మంచిదే అక్కా," అన్నాను. ఆ మాట నాకే సరిగా వినపడలేదు. వెనకామె అప్పటికే బల్ల దగ్గరికి వచ్చింది. నేను చీటీ తీసి పుస్తకంలో పెట్టుకున్నాను.

డాక్టరమ్మ తిరిగి వచ్చాక చెప్పలేదు. తిడుతుందని భయం ఒకటి. రెండోది, ఆ మనిషి ఆ రోజు షెడ్డులోంచి పోతూ పక్కవాళ్లతో నవ్వుతూ మాట్లాడిన తీరు. ఆ నవ్వు నేనిచ్చిందే అనుకుని, చెప్పడానికి సిగ్గుపడాలో సంతోషపడాలో తెలియక ఊరుకున్నాను.

కానీ మనసు ఊరుకోలేదు. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, అమ్మ చేత వేరుశనగ ఉండలు చేయించుకుని, ఎవరికీ చెప్పకుండా కారంపూడి బస్సెక్కాను. గుడిసెకు పోయి ఉండల డబ్బా చేతికిస్తే, పదిహేడో నంబరు మనిషి మూత తీసి రెండు భర్తకు, రెండు కూతురికి ఇచ్చి మూత పెట్టేసింది. నేను నా ముందే తినమని పట్టుబడితే ఒకటి తింది. తింటున్నంతసేపూ ఏదో తప్పు చేస్తున్నదానిలా తలుపు వైపు చూస్తూ ఉంది. ఆ తర్వాత మరో రెండు ఆదివారాలు వెళ్లాను. గురజాల సంగతి ఎత్తబోతే, "బాగుందన్నావు గదా చెల్లెమ్మా," అని నా నోరు మూయించింది. అబద్ధం చెప్పానని ఆ మూడు ఆదివారాల్లో ఒక్కసారైనా చెప్పి ఉండొచ్చు. డబ్బా ఇచ్చి వచ్చేశాను. తర్వాత వానలకు వాగు పొంగి క్వారీ దారి మునిగింది. అటు బస్సులు ఆగిపోయాయి.

అయిదోసారి మేం వెళ్లిన రోజు వరసలో ఆమె లేదు. పద్దెనిమిదో నంబరు ఆవిడ కూర్చుంటూ చెప్పింది. "దానికి కానుపయి పది రోజులయింది. నెల తక్కువది. నాలుగు రోజులుండి పోయింది."

డాక్టరమ్మ పని ఆపేసి లేచింది. నేను పెట్టె పట్టుకుని వెనకే నడిచాను. పదిహేడో నంబరు మనిషి తన గుడిసె ముందు రాతి పలక మీద కూర్చుని ఉంది. చెవులకు గుడ్డ కట్టుకుంది. లోపల భర్త దగ్గుతున్నాడు. కూతురు గడప దగ్గర నిలబడి మమ్మల్ని చూసి లోపలికి పోయింది.

"ఏం బిడ్డమ్మా?" అంది డాక్టరమ్మ.

"ఆడపిల్ల. ఈ మాత్రం ఉంది." మోచేతి నుంచి మణికట్టు దాకా చూపించింది. "ఏడవటానికి గూడా బలం లేదు దానికి. నాకు పాలు పడలా." ఆమె నా వంక తిరిగింది. గొంతులో కోపం లేదు. "బాగుందన్నావు గదమ్మాయ్."

డాక్టరమ్మ నన్ను చూసింది. "ఎవరు చెప్పారు బాగుందని?"

నేను ఆ మనిషి ముందు కూలబడి చెప్పాను. "నాకేం కనపడలేదక్కా. ఇందులో బిడ్డ కనపడదు. నువ్వట్లా అడిగేసరికి అబద్ధం చెప్పాను."

ఆమె చేతి గోళ్లలో ఇరుక్కున్న దుమ్మును ఇంకో గోటితో తీస్తూ కూర్చుంది.

"అబద్ధమా," అంది చివరికి. "ఆ మాట పట్టుకొని చానా ధైర్యంగా ఉన్నా నేను. తట్ట ఎత్తినప్పుడల్లా, బాగుందంది గదా, బాగుందంది గదా అనుకునేదాన్ని. ఆ మాట అనకపోతే పోయేదాన్నే ఆసుపత్రికి. పోతే ఏమయ్యేదో మరి."

లోపలినుంచి భర్త గొంతు వినపడింది. "ఇంక పొమ్మనవే వాళ్లని."

డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి లేవమంది. మేం కదలబోతుంటే ఆ మనిషి కుడిచెయ్యి చాపింది. జాకెట్టు చెయ్యి పైకి లాగి, లోపలి వైపు తిప్పి మాకు చూపించింది.

"కొలుచుకోండి. అందుకేగా వచ్చింది."

డాక్టరమ్మ వద్దంటుందనుకున్నాను. అనలేదు. రాతి పలక మీద పెట్టె పెట్టి, నూనె రాసి, ముక్క ఆనించి, అంకె చెప్పింది. నేను రాశాను. మొదటిసారి రాసిన అంకె పక్కన ఈ అంకె ఇంకెవరిదో అనిపించింది. ఈసారి ఆమె నూనె తుడుచుకోలేదు, ఎవరికీ రాయలేదు. చెయ్యి అట్లాగే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

జీపు నకరికల్లు దాటేదాకా తిట్ల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. తిట్టి ఉంటే తేలికయ్యేదేమో.

"నువ్వు చెప్పింది తప్పు," అంది డాక్టరమ్మ చివరకు. "పెద్ద తప్పు. కానీ ఆమెకు దాచుకున్నది ఏమీ లేదని నాకు మొదటి రోజే తెలుసు. తెలిసి అయిదుసార్లు కొలిచాను. అది నువ్వు చెయ్యలేదు, నేను చేశాను."

మర్నాడు ఆమె నరసరావుపేట బజారులో కందిపప్పు, నూనె, పాలపొడి కొని జీపు వెనక నింపించింది. పుస్తకంలో ఆ రోజు పేజీ తీసి, ఈ తేదీ నుంచి తిండి ఇవ్వడమైనది అని ఎర్ర సిరాతో రాసి సంతకం పెట్టింది. పైనుంచి దీనికి సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వస్తుందని ఆమెకు తెలుసు. నెల తిరక్కుండానే వచ్చింది కూడా.

మేం ఆ మూటలతో క్వారీకి చేరేసరికి పదిహేడో నంబరు గుడిసె మీద తాటాకు లేదు. పలకల గోడలు మాత్రం ఉన్నాయి. పొద్దున్నే రాళ్ల లారీ ఒకటి కృష్ణ అవతలికి పోతుంటే ముగ్గురూ ఎక్కేశారని పక్కవాళ్లు చెప్పారు. అక్కడి క్వారీల్లో పని ఉందని ఎవరో కబురు పెట్టారట.

"ఒక్కపూట ఆగితే సరిపోయేది," అన్నాన్నేను.

"వాళ్లకేం తెలుసమ్మా మీరు పప్పు తెత్తన్నారని?" అంది పద్దెనిమిదో నంబరు ఆవిడ. "మీరు ఎప్పుడూ కొలిచేదేగా."

రెండుసార్లు వెతకడానికి వెళ్లాను. మాచర్ల వెళ్లి, అక్కడినుంచి నది దాటి, రెండు క్వారీల్లో అడిగాను. పేరు చెప్పి అడిగితే ఎవరికీ తెలియలేదు. దగ్గే మొగుడు, ఎర్రజుట్టు పిల్ల అని చెబితే, ఈడ అందరూ అట్టనే ఉంటరు అన్నాడొకాయన. ఆ మాటలో వెటకారం లేదు. నిజమే చెప్పాడు. రిపోర్టులో పదిహేడో నంబరు ఎదుట చివరి గడిలో వలస అని టైపు చేశారు.

ఏడాది తిరిగాక క్వారీ దగ్గర తిండి కేంద్రం వచ్చింది. డాక్టరమ్మ చూపించిన అంకెల వల్లే వచ్చిందని అన్నారు. నాపరాళ్ల కప్పు వేసిన ఒక గది, ఒక పొయ్యి. అప్పటికి నేను ఆ సర్వే ఉద్యోగం మానేశాను. ఆ గదిలో పనికి మనిషి కావాలంటే నేనే అడిగి చేరాను. జీతం అంతకుముందు దానిలో సగం. మా నాన్నకు అది అర్థం కాలేదు, నేను చెప్పనూ లేదు.

అక్కడ గర్భిణులు నన్ను అడిగేవారు, బిడ్డ ఎట్టా ఉందమ్మా అని. నాకు తెలియదని చెప్పేదాన్ని. తెలియదంటే కొందరు ముఖం చిన్నబుచ్చుకునేవారు, ఒకరిద్దరు నన్ను తిట్టారు కూడా. మొదటి ఏడాది పదకొండుమందిని వెంటబెట్టుకుని బస్సులో గురజాల తీసుకెళ్లాను. వాళ్లలో తొమ్మిదిమంది బిడ్డలు బతికారు, ఇద్దరి బిడ్డలు పోయారు. ఆ ఇద్దరిలో రెండో ఆమెను ఇంటికి తీసుకొచ్చే రోజు, ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాను. ఏమన్నా చెబుతానేమోనని ఆమె కాసేపు నా వంక చూసింది. కారంపూడి బస్సు వచ్చేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.